మూడు వేళ్ల గుర్తు

పిల్లలూ, ఈ కథ నేను చిన్నప్పుడు విన్నది. చెప్పే వరస తప్పుతానేమో. ముందు బెల్లం మాడిందా, ముందు బాలింత నోరు పొక్కిందా అన్నది ఈమధ్య నాకు తారుమారవుతోంది. నిన్న ఒకలా తోచింది, ఇవాళ ఒకలా. నిదానంగా ఆలోచిస్తే మాడడమే ముందు జరిగి ఉండాలి. అది జరగకపోతే రెండోది జరిగేదే కాదు. అందుకని అలాగే రాస్తున్నాను.

అనగా అనగా, వినేవాళ్లు వినగా, ఒక నది ఒడ్డున చెరుకు తోటల దేశం ఒకటి ఉండేది. ఆ దేశపు రాజుగారికి ఒక మంచి అలవాటు. రాజ్యంలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఆ బాలింతకు కోట నుంచి ఒక బెల్లం దిమ్మ వెళ్లేది. గుడిసెకైనా అదే దిమ్మ, మేడకైనా అదే దిమ్మ.

ఆ బెల్లం వండే పని భూలోకయ్య గానుగశాలలో జరిగేది. మైలన్న అనే ఎద్దు గానుగ చుట్టూ తిరిగేది. చెరుకు నలిగి రసం కుండల్లో పడేది. మూడు పొయ్యిల మీద మూడు పెద్ద పెనాలు. రసం పొంగి, మడ్డి తేలి, మడ్డి తీసేశాక చిక్కబడి, చివరికి పాకం వచ్చేది. ఆ పాకం వచ్చే ఘడియ చాలా చిన్నది. కాస్త ముందు దించితే బెల్లం గట్టిపడదు. కాస్త ఆలస్యమైతే మాడి చేదెక్కుతుంది.

పెద్ద పొయ్యి సన్యాసయ్యది. వయసు మళ్లినవాడు. నోట్లో ఎప్పుడూ చుట్ట, నాలుక మీద ఎప్పుడూ ఒక ఎకసెక్కం. నడిమి పొయ్యి పైడితల్లిది. ఆమె చెయ్యీ ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. చివరి పొయ్యి అప్పలకొండది. కొత్తగా పెళ్లయినవాడు. మనిషి మంచివాడే, మనసు మాత్రం ఎప్పుడూ అత్తవారి ఊళ్లో ఉండేది.

ఆ శాలలో ఒక ఆచారం ఉండేది. పాకాన్ని అచ్చుల్లో పోశాక, అది ఆరకముందే, వండినవాళ్లు తమ గుర్తు వేసేవారు. సన్యాసయ్య మూడు వేళ్లు ఆనించేవాడు. పైడితల్లి తన గాజు అంచు నొక్కేది. అప్పలకొండ చెరుకు ఆకు అద్దేవాడు. దిమ్మ ఎక్కడికి వెళ్లినా, అది ఎవరి చేతిదో చూడగానే తెలిసిపోయేది.

పెనం పొయ్యి మీద ఉన్నంతసేపూ భూలోకయ్య ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. తోటల్లో తిరిగేవాడు. సాయంత్రం మాత్రం తప్పకుండా వచ్చి, ముగ్గురితోపాటు నేల మీదే కూర్చుని, ప్రతి పొయ్యి నుంచీ ఒక దిమ్మ పగలగొట్టి రుచి చూసేవాడు.

"సన్యాసయ్యా, అంచు నల్లబడిందేం?"

"నల్లబడింది బాబూ. మంట పక్కనుంచి లేచింది. నా కన్ను పొయ్యి మీద లేదు. పైడితల్లి వాళ్ల అత్త మీద కథ చెబుతుంటే దాని మీద ఉంది."

"కథ బాగుందా?"

"బెల్లం కంటే బాగుంది."

అందరూ నవ్వేవారు. ఆ దిమ్మలు కోటకు వెళ్లేవి కావు. మర్నాడు సన్యాసయ్య పైడితల్లికి వీపు పెట్టి కూర్చునేవాడు. అంతే, అక్కడితో అది అయిపోయేది.

అలా ఉండగా భూలోకయ్యకు జబ్బు చేసింది. ఆయనకు ఒక్కతే కూతురు, ఆదెమ్మ. ఆమెను దగ్గరకు పిలిచాడు. మంచం పక్కన సన్యాసయ్య కూడా ఉన్నాడు.

"అమ్మా, రెండు మాటలు గుర్తుంచుకో. పెనం పొయ్యి మీద ఉన్నప్పుడు వాళ్ల చెయ్యి పట్టుకోకు. దిమ్మ అచ్చులోంచి వచ్చాక వాళ్లను అడగకుండా ఉండకు."

ఆదెమ్మ ఏడుస్తోంది. ఏడుపులో విన్న మాట సగమే నిలుస్తుంది. ఆమెకు రెండో మాట నిలిచింది, మొదటిది జారిపోయింది.

మళ్లీ చెరుకు కోతకు వచ్చింది. గానుగ కట్టారు, పొయ్యిలు వెలిగించారు. ఆదెమ్మకు భయం పట్టుకుంది. ఇది బాలింతల నోట్లోకి వెళ్లే బెల్లం. నాన్న లేడు. ఏదైనా తేడా వస్తే అడిగేది తననే. అడగకుండా ఉండకు అని నాన్న చెప్పాడు కదా అనుకుంది. శాల నడుమ ఒక మంచె కట్టించుకుని, దాని మీద కూర్చుంది.

"మంచె ఎందుకమ్మా? పిట్టల్ని తోలడానికా, మమ్మల్ని తోలడానికా?" అన్నాడు మైలన్న. ఆ రోజుల్లో ఎద్దులు మాట్లాడేవి.

"నువ్వు తిరుగు," అంది ఆదెమ్మ.

"నేను తిరుగుతాను. నాకు దారి గుండ్రంగా గీసి ఉంది, ఎవరు తోలినా తప్పను. పాకానికి అలాంటి దారి లేదు తల్లీ."

ఆదెమ్మ వినిపించుకోలేదు. మడ్డి విరగడానికి కలిపే సున్నపు తేటను తను చూడకుండా రసంలో పోయకూడదు అంది. తను చెప్పకుండా మంట పెంచకూడదు అంది. తను 'దించండి' అనేదాకా పెనం దించకూడదు అంది.

కొన్నాళ్లకు శాలలో అడగకుండా ఏ పనీ జరగడం మానేసింది. ఏళ్ల తరబడి కళ్లు మూసుకుని చేసిన పనికి కూడా మంచె వైపు చూడడం మొదలుపెట్టారు.

"తల్లీ, తుమ్ము వస్తోంది. తుమ్మనా, ఆపనా?" అని పైడితల్లి గట్టిగా అడిగింది. అప్పలకొండ నవ్వాపుకోలేక గరిట జారవిడిచాడు. ఆదెమ్మ మాత్రం నవ్వలేదు. నాన్న ఉన్నప్పుడు ఈ శాలలో నవ్వు తనకూ వచ్చేదని ఆమెకు ఒక్క క్షణం గుర్తొచ్చింది. అంతలోనే ఎవరో పిలిచారు.

ఒకరోజు మూడు పెనాలూ ఒకేసారి పాకానికి వచ్చాయి. ఆదెమ్మ చివరి పొయ్యి దగ్గర ఉంది. చెంబులో చల్లనీళ్లు పోసి, పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ కడుతోందో లేదో చూస్తోంది.

"అమ్మీ, దించనా?" అన్నాడు సన్యాసయ్య.

"ఉండు చిన్నాన్నా, వస్తున్నా."

పెద్ద పెనంలో బుడగల చప్పుడు మారింది. సన్నగా ఉన్నది బొంగురుపోయింది.

"అమ్మీ."

"నేను చూడకుండా వద్దన్నానా లేదా?"

సన్యాసయ్య పిలవడం మానేశాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని పెనం వైపే చూస్తూ కూర్చున్నాడు. దించేసి ఉండవలసింది. దించితే ఒక మాట పడేవాడు, బెల్లం మిగిలేది. కానీ ఆయనకూ పౌరుషం ఉంది. పెనంలోంచి పొగ లేచింది. ఆదెమ్మ పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పాకం బొగ్గులా నల్లబడింది.

దాన్నే అచ్చుల్లో పోశారు. ఆదెమ్మ అచ్చు ముందుకు జరిపింది.

"నీ గుర్తు వెయ్యి చిన్నాన్నా."

"ఇది నా చెయ్యి కాదమ్మీ. ఆగమన్నది ఎవరో, గుర్తు వాళ్లది."

అందరి ముందూ అన్నాడు. ఆదెమ్మ మొహం ఎర్రబడింది. ఆ వారమే వడ్రంగి చేత కొయ్య మీద ఒక తామరపువ్వు చెక్కించింది. "ఇకనుంచి ఎవరి గుర్తూ వద్దు. అన్నిటి మీదా శాల గుర్తే," అంది. మూడు వేళ్లూ, గాజు అంచూ, చెరుకు ఆకూ ఆ రోజుతో మాయమయ్యాయి. ప్రతి దిమ్మ మీదా ఒకే పువ్వు పూసింది.

బెల్లం మాత్రం మాడుతూనే ఉంది. ఇవాళ ఒక పొయ్యి మీద, రేపు ఇంకో పొయ్యి మీద. చాలామంది బాలింతలకు దిమ్మలు అందలేదని కోట నుంచి కబురు వచ్చింది.

ఆదెమ్మ మంచె దిగి, నది గట్టు మీద కూర్చుని ఏడ్చింది. తండ్రి మంచం గుర్తొచ్చింది, ఆయన చెయ్యి గుర్తొచ్చింది. అప్పుడు, ఎక్కడ దాక్కుందో ఏమో, జారిపోయిన మొదటి మాట తిరిగి వచ్చింది. వాళ్ల చెయ్యి పట్టుకోకు.

"అయ్యో నాన్నా, నువ్వు చెప్పింది ఇదీ," అనుకుంది. ఆ సంతోషంలో రెండో మాట చేజారింది.

మర్నాడు మంచె విప్పించింది. ముగ్గురినీ పిలిచి చేతులు జోడించింది. "మీరు నాన్న కాలం నుంచీ ఈ పొయ్యిల్ని నమ్మకంగా నడిపినవాళ్లు. మిమ్మల్ని అనుమానించాను. ఇకనుంచి మీ ఇష్టం. నేనేమీ అడగను."

పొయ్యిల దగ్గర మళ్లీ నవ్వులు వినిపించాయి. పైడితల్లి అత్త కథలు మళ్లీ మొదలయ్యాయి. బెల్లం బంగారంలా వచ్చింది.

ఒక సాయంత్రం సన్యాసయ్య చేతిలో బెల్లం ముక్క పట్టుకుని ఆదెమ్మ ఇంటికి వచ్చాడు.

"అమ్మీ, ఒక ముక్క తిని ఎలా ఉందో చెప్పవా?"

"నువ్వు చేసింది బాగానే ఉంటుంది చిన్నాన్నా. నేను చూసేదేముంది?"

ఆమె ప్రేమగానే అంది. అడిగితే అనుమానించినట్టు అవుతుందని ఆమె భయం. సన్యాసయ్య ముక్కను తుండుగుడ్డలో చుట్టుకున్నాడు. తరువాత శాలకు తిరిగి వెళ్లి, ఆ ముక్క మైలన్నకు పెట్టాడు.

"బాగుందయ్యా," అన్నాడు మైలన్న.

"నీకు ఎండుగడ్డి కూడా బాగానే ఉంటుంది," అన్నాడు సన్యాసయ్య. అని, చుట్ట వెలిగించుకోకుండానే నోట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఇక్కడ ఇంకో చిన్న ముక్క ఉండాలి. పైడితల్లి ఏదో అంటుంది. అది నాకు గుర్తు రావడం లేదు. పోనివ్వండి, కథ ఆగదు.

ఆ రోజుల్లోనే అప్పలకొండ అత్తవారి ఊళ్లో అమ్మవారి పండుగ వచ్చింది. చెరుకు కొట్టించి, ఎండలో కుప్ప పోయించి, "ఇప్పుడే వస్తాను" అని వెళ్లాడు. అక్కడ మేనమామలు ఆపారు, బావమరుదులు ఆపారు. అతను తిరిగి వచ్చేసరికి చెరుకు వడలి, పులిసిన వాసన వేస్తోంది.

అలాంటి చెరుకు రసం ఎంత కాచినా గట్టిపడదు. అది పారబోయాలి. పారబోస్తే దిమ్మలు తగ్గి, తప్పు బయటపడుతుంది. ఎలాగో గట్టిపరిస్తే మాత్రం ఎవరూ అడగరు కదా. దిమ్మ మీద ఆకు గుర్తు కూడా ఉండదు కదా, పువ్వే ఉంటుంది. అప్పలకొండ సున్నపు తేట బదులు, అడుగున ఉన్న చిక్కటి సున్నం తీసి రసంలో కలిపాడు. అచ్చుల్లో పోసి, ఆరకముందే పువ్వు కొట్టాడు. బెల్లం రాయిలా గట్టిపడింది.

తాంబూలంలో సున్నం ఎక్కువైతే ఏమవుతుందో మీకు తెలుసు.

కొద్ది రోజులకు కోటలో సరుకుల కొట్టు చూసే కోఠారు అధికారి గుర్రం మీద వచ్చాడు. పట్టపగలు, మూడు పొయ్యిలూ మండుతున్నాయి. ఆయన చేతిలో పువ్వు గుర్తున్న దిమ్మ ఉంది.

"ఒక బాలింత ఇది తిన్నది. ఆమె నోరంతా పొక్కింది. అన్నం లోపలికి పోవడం లేదు, బిడ్డకు పాలు లేవు. ఇరుగుపొరుగు వాళ్లు పాలు పడుతున్నారు గనుక పసిగుడ్డు బతికింది. ఇది ఏ పొయ్యిది?"

పైడితల్లికి తెలియదు. సన్యాసయ్యకు తెలియదు. ఆదెమ్మ దిమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. పువ్వు తప్ప ఏమీ కనిపించలేదు. అప్పలకొండ నేల చూపులు చూస్తున్నాడు.

"ఈ శాల ఎవరిది?" అన్నాడు అధికారి.

"నాది."

"మరి వండింది ఎవరో నీకు తెలియదా?"

అప్పుడు ఆదెమ్మ చెప్పవలసిన మాట ఒకటే. అడగకపోవడం నా తప్పు అని. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ గుర్రం ఎత్తుగా ఉంది, అధికారి గొంతు గట్టిగా ఉంది, శాల పోతుందేమోనన్న భయం అన్నిటికంటే పెద్దగా ఉంది.

"పెద్ద పొయ్యి సన్యాసయ్యదండీ," అంది. "ఎక్కువ బెల్లం అక్కడే అవుతుంది."

అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

అధికారి సన్యాసయ్య వైపు తిరిగాడు. "ముసలివాడివి అయ్యావు. చూపు ఆనడం లేదు కాబోలు. ఇకమీదట రాజుగారి బెల్లం వండే పొయ్యి నువ్వు ముట్టకూడదు."

సన్యాసయ్య ఆదెమ్మ వైపు చూశాడు. కోపంగా కాదు. ఆమె ఇంకేమైనా అంటుందేమోనని చూశాడు. ఆమె పమిట కొంగు నలుపుతూ ఉంది.

"మంచిది బాబూ," అన్నాడు ఆయన. భుజం మీది తుండుగుడ్డ తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"అమ్మీ, పెద్ద పెనం కింద మంట ఎక్కువగా ఉంది. ఎవరినైనా చూడమను."

అని వెళ్లిపోయాడు.

అధికారి గుర్రమూ వెళ్లిపోయింది. మైలన్న నడక ఆపేశాడు. గానుగ ఆగింది.

"ఏమయింది?" అంది ఆదెమ్మ.

"ఏమీ లేదు తల్లీ. కాళ్లు కదలడం లేదు."

"ఆ దిమ్మ ఎవరిదో నీకు తెలుసా?"

"తిరిగేవాణ్ణి, మూడు పొయ్యిలూ చూస్తాను. అడిగితే చెప్పేవాణ్ణి. మంచె విప్పాక ఇక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు కదా."

అప్పలకొండ గరిట కింద పెట్టాడు. అతని కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

"అక్కా, అది నాది. చెరుకు పులిసింది. సున్నం నేనే కలిపాను. సాయంత్రం ఎవరైనా అడుగుతారని తెలిస్తే నేను ఆ పని చేసేవాణ్ణి కాదు. దిమ్మ మీద నా గుర్తు ఉన్నా చేసేవాణ్ణి కాదు."

"అధికారి ఉన్నప్పుడు ఎందుకు చెప్పలేదురా?" అంది పైడితల్లి. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే ఎకసెక్కం లేదు.

"భయమేసింది వదినా. ఆదెమ్మక్క కూడా భయపడింది. చూశావు కదా."

ఆదెమ్మ పమిట కొంగు నడుముకు దోపుకుంది. అప్పలకొండను వెంటబెట్టుకుని అదే నడకన కోటకు వెళ్లింది. అధికారి ముందు ఇద్దరూ నిలబడ్డారు.

"సున్నం కలిపింది నేను," అన్నాడు అప్పలకొండ.

"గుర్తులు చెరిపింది నేను. సాయంత్రాలు అడగడం మానేసింది నేను. తెలియనప్పుడు ఒక పెద్దాయన పేరు చెప్పింది నేను," అంది ఆదెమ్మ.

అధికారి తీర్పు చెప్పాడు. ఆ బాలింత నోరు మానేదాకా అప్పలకొండ ఆమె ఇంటికి నీళ్లూ కట్టెలూ మోయాలన్నాడు. ఆదెమ్మ ఆ ఇంటికి రోజూ ఆవుపాలు పంపాలన్నాడు. సన్యాసయ్య మీద ఆంక్ష తీసేశాడు.

ఆంక్ష తీయడం సులువే. మనిషిని తేవడమే కష్టం.

సన్యాసయ్య నది అవతల కూతురి ఊళ్లో ఉన్నాడు. ఆదెమ్మ పడవ దాటి వెళ్లింది. ఆయన అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు.

"రా అమ్మీ. కాళ్లు కడుక్కో."

"చిన్నాన్నా, నిజం అందరికీ తెలిసింది. వచ్చెయ్యి."

"తెలిసిందని విన్నాను. సంతోషం." ఆయన తాడు పేనడం ఆపలేదు. "కానీ రాలేనమ్మీ. ఇప్పుడు పొయ్యి దగ్గర కూర్చుంటే నేను పాకం వైపు చూడను. నీ మొహం వైపు చూస్తాను, ఈసారి ఏమంటుందోనని. అలా చూసేవాడు బెల్లం వండలేడు."

ఆదెమ్మ తల వంచుకుంది.

"నా తప్పూ ఉంది," అన్నాడాయన. "మీ నాన్న చెప్పిన రెండు మాటలూ నాకు గుర్తున్నాయి. నువ్వు మొదట ఒక సగం పట్టుకున్నావు, తరువాత ఇంకో సగం పట్టుకున్నావు. చూస్తూ ఊరుకున్నాను. నన్ను అడగలేదు కదా అని పంతం పట్టాను. ఒక్కసారి నోరు తెరిచి ఉంటే బాగుండేది."

"ఇప్పుడు చెప్పు చిన్నాన్నా."

ఆయన చెప్పాడు. రెండూ కలిపి, భూలోకయ్య అన్నట్టే చెప్పాడు. ఆదెమ్మ ఈసారి ఏడవలేదు. ఏడిస్తే మళ్లీ సగమే వింటానని భయపడింది. ఆయన అన్నదాన్ని తిరిగి అప్పజెప్పింది.

"అదీ," అన్నాడు సన్యాసయ్య. "ఇక పడవ ఉండగానే బయలుదేరు."

ఇంటికి వచ్చి ఆదెమ్మ ఆ కొయ్య పువ్వును పొయ్యిలో పెట్టింది. అది పిడకలా మెల్లగా కాలింది. మళ్లీ గాజు అంచూ చెరుకు ఆకూ దిమ్మల మీదకు వచ్చాయి.

ఒకరోజు పైడితల్లి పెనం తొందరగా దించింది. ఆదెమ్మ అటుగా పోతూ చూసింది. ఇంకా పాకం రాలేదని ఆమెకు తోచింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తోటలోకి వెళ్లిపోయింది. సాయంత్రం అందరూ నేల మీద కూర్చున్నాక దిమ్మ పగలగొట్టింది. అది వేళ్లకు అంటుకుంది.

"వదినా, మెత్తగా ఉందేం?"

"తొందరపడ్డాను తల్లీ. ముదురు చెరుకు కదా, దించాక కూడా గట్టిపడుతుందనుకున్నాను. పడలేదు. రేపు ఇంకాస్త ఉంచుతాను."

"మైలన్నకు పండగ అన్నమాట," అన్నాడు అప్పలకొండ.

"నా సంగతి ఎవరైనా అడిగారా?" అన్నాడు మైలన్న. అని, దిమ్మ మొత్తం తిన్నాడు.

మరోరోజు అప్పలకొండ ఎవరూ పిలవకముందే వచ్చాడు. "అక్కా, ఇవాళ నా చెరుకు ఒక మోపు బాగాలేదు. పారబోశాను. నువ్వు అడిగేదాకా ఆగబుద్ధి కాలేదు." ఆదెమ్మ అతనికి తన చేత్తో బెల్లం ముక్క పెట్టింది.

ఆమె కూడా ఒక గుర్తు పెట్టుకుంది. ఎప్పుడైనా తను చెప్పి చేయించిన పని ఉంటే, ఆ దిమ్మ మీద తన బొటనవేలు ఆనించేది. అది చెడితే సాయంత్రం ముందుగా తనే చెప్పుకునేది.

బాలింతల ఇళ్లకు మళ్లీ మంచి బెల్లం వెళ్లింది. శాలకు పేరు వచ్చింది. పెద్ద పొయ్యి దగ్గరకు కొత్తవాళ్లు వచ్చారు, పని నేర్చుకున్నారు, వాళ్ల గుర్తులు వాళ్లు ఎంచుకున్నారు. మూడు వేళ్ల గుర్తు మాత్రం ఎవరూ వేయలేదు. వేయకూడదని ఎవరూ చెప్పలేదు.

ప్రతి ఏడూ కోత మొదలవగానే, మొదటి పాకంలోంచి ఒక దిమ్మ తీసి, ఆదెమ్మ తన బొటనవేలి గుర్తు వేసి, గుడ్డలో కట్టి పడవ వాడి చేత నది దాటించేది. కొన్నాళ్లకు ఆ దిమ్మ తిరిగి వచ్చేది, ఒక మూల విరిగి. విరిగిన చోటు చూసి ఆమె ఊపిరి పీల్చుకునేది. సన్యాసయ్య తిన్నాడన్నమాట. బాగుంటే ఉత్త దిమ్మ వచ్చేది. ఏదైనా తేడా ఉంటే పడవ వాడి నోట ఒక ముక్క కూడా వచ్చేది, "మంట కాస్త ఎక్కువైందని చెప్పు" అని. ఆ మాట వచ్చిన ఏడు ఆదెమ్మకు ఇంకా సంతోషంగా ఉండేది.

ఆయన మాత్రం రాలేదు. ఆమె మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే వచ్చేవాడేమో. అది ఎవరికీ తెలియదు.

ఒక ఏడు దిమ్మ తిరిగి వచ్చింది. ఆదెమ్మ గుడ్డ విప్పింది. నాలుగు మూలలూ నిండుగా ఉన్నాయి. పడవ వాడు తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఆ సాయంత్రం శాలలో అందరూ నేల మీద కూర్చున్నారు. ఆదెమ్మ ఆ దిమ్మను పగలగొట్టలేదు. "అడగవలసినవాళ్లు లేరు," అంది. మైలన్న ముసలివాడైపోయాడు. లేచి నిలబడి, ఎవరూ తోలకుండానే గానుగ చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, మళ్లీ పడుకున్నాడు.

పిల్లలూ, పని ఒకరికి అప్పగించాక ఆ పని జరిగేటప్పుడు వాళ్ల చెయ్యి వదలండి, అయ్యాక వాళ్లను అడగడం మానకండి, అడిగే రోజు వచ్చినప్పుడు మీ గుర్తు ఉన్నచోట మీ వేలే చూపించండి.

చెల్లీ వరాలూ, నువ్వూ నా పక్కనే కూర్చుని ఈ కథ విన్నావు. పేర్లు ఒకసారి సరిచూడు. అప్పలకొండను సన్యాసయ్య అనీ, సన్యాసయ్యను అప్పలకొండ అనీ ఎక్కడైనా రాశానేమో చూడు, ఆ పెద్దాయన మీద ఇంకొకరి తప్పు మళ్లీ పడకూడదు.